మా దండెం ఒకప్పుడు పందిరి రాట

మా వరండాలో బట్టలు ఆరేసే దండెం తాడు కాదు, ఉక్కు గొట్టం. బొటనవేలంత లావు, మనిషి చెయ్యెత్తి నిలబడితే ఎంతో అంత పొడవు. ఈ ఫ్లాటుకి రాకముందు హౌరాలోనే టికియాపారాలో మేమున్న రెండు గదుల ఇంట్లోనూ అదే దండెం. రంగులు వేయడానికి వచ్చినవాళ్ళు, కరెంటు పనివాళ్ళు, పక్కింటివాళ్ళు, ఎవరు చూసినా ఎంత తిన్నగా ఉందో అంటారు. నేను ఊరుకుంటాను. అది పూర్తిగా తిన్నగా లేదని బతికున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసని అనుకునేదాన్ని, పోయిన నెల పైడి వచ్చేదాకా.

పైడి మా మేనమామ అప్పన్న కూతురు. మావయ్య పోయి ఏడాది దాటింది. సంవత్సరీకాలు అయ్యాక, చూడాలనిపించిందని శ్రీకాకుళంలో రైలెక్కి హౌరాలో దిగి, నేరుగా మా ఇంటికొచ్చింది. చేతిసంచీ కింద పెట్టి, ఇచ్చిన మంచినీళ్ళు చేత్తో పట్టుకునే అడిగింది. "వదినా, ఆ గొట్టం ఉందేటి ఇంకా?"

వరండాలోకి తీసుకెళ్ళి చూపించాను. తడి చీర ఒకటి వేలాడుతోంది. చీర తీసి గొట్టం దించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "తరవాత దించుదువు గానీ. ముందు సెప్పు. మా అయ్య నవ్వుతా సెప్పేవోడు, సగం ఎగ్గొట్టేవోడు. నీ కాడైతే లెక్క తప్పదంట కదా."

నాకా పేరుంది. ఏ పెళ్ళి ఏ వారం జరిగింది, ఎవరి బిడ్డ ఎవరికన్నా పెద్ద అనే తగువులు మా బంధువుల్లో చివరికి నా దగ్గరికే వస్తాయి. మా నాన్న పెద్దవాడయ్యాక ఆ గొట్టాలు ఇరవై అనేవాడు. పద్దెనిమిది. గాలివాన శుక్రవారం వచ్చిందని మా అమ్మ అనేది. గురువారం, ఎందుకంటే ఆ రోజు శ్రీరామనవమి. చిన్న విషయాలే అయినా, ఒకటి తప్పితే మిగతావీ నమ్మబుద్ధి కాదు నాకు. పైడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

నా స్కూలు చదువు ముగిసిన ఏడాది మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. హౌరాలో అప్పుడు తాళం పడని గేట్లే తక్కువ. గేటు ముందు ఎర్ర జెండాలు, టార్పాలిన్ కింద చాపలు, పొద్దున్నే నినాదాలు, పొద్దెక్కేకొద్దీ పేకాట. నాన్న ఫిట్టరు. పనికి వెళ్ళే వేళకే డబ్బా పట్టుకుని బయల్దేరి, ఆ టార్పాలిన్ కింద కూర్చుని, సాయంత్రం సైరన్ మోగాల్సిన వేళకి లేచి వచ్చేసేవాడు. సైరన్ మోగేది కాదు, ఆయన మాత్రం ఆ వేళ తప్పేవాడు కాదు. వచ్చాక పెరట్లో పీట వేసుకుని రంపంపొట్టుతో చేతులు రుద్దుకునేవాడు. చేతులకి జిడ్డే లేదు. రంపంపొట్టు ఎర్రబడకుండా, నల్లబడకుండా, ఉన్న రంగులోనే నేలమీద రాలేది. అది చూడలేక మా అమ్మ పొయ్యి మీద బొగ్గులు ఊదుతున్నట్టు అటు తిరిగి కూర్చునేది.

ఒక కన్ను మూసి చూడటం ఆయన అలవాటు. తలుపు రెక్క, గరిట కాడ, గోడకి కొట్టిన మేకు, నా పాపిడి, దేన్నైనా ఒక కన్ను మూసి తేరిపార చూసి, వొంకర ఉంటే చెప్పకుండా ఉండలేడు. నాకూ అదే వచ్చింది. అమ్మకి వచ్చింది వేరు. ఆమెకి గంజి. అన్నం వార్చిన గంజిని ఒక మట్టి దాకలో పోసి, రెండో రోజుకి పులిసిన వాసన వస్తుండగా నీళ్ళు కలిపి నేతచీరలు ముంచేది. ఎండీ ఎండకముందే నన్ను పిలిచేది. చీర నాలుగు మడతలు వేసి ఆమె రెండు చెంగులు, నేను రెండు చెంగులు పట్టుకుని మూల నుంచి మూలకి లాగాలి. ముందు ఒక ఐమూల, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది. ఆ పులిసిన గంజి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఇస్త్రీ మా ఇంట్లో ఉండేది కాదు. అమ్మ చీరలు మాత్రం కాగితంలా ఉండేవి.

అప్పన్న మావయ్య అమ్మకి తమ్ముడు. మా వీధికి రెండు వీధుల అవతల, ఆసుపత్రి మంచాలు చేసే చిన్న కార్ఖానాలో గోదాం చూసేవాడు. నాన్నకి పని పోయాక మావయ్యే ఒక దారి చూపించాడు. మంచానికి దోమతెర కట్టే గొట్టాలు గోదాంలో తుప్పు పట్టేవి. వాటిని ఇళ్ళకిచ్చి గరుకు కాగితంతో రుద్దించడం కార్ఖానా యజమాని మాలిక్ బాబుకి మామూలే. ఆ పని మాకిప్పించాడు. పద్దెనిమిది గొట్టాలు మా గోడకి చేరగిలబడి నిలబడ్డాయి. మేం రుద్దుతుంటే ఇల్లంతా ఎర్రపొడి, తుమ్ములు. మావయ్య పెళ్ళాన్ని ఊరి నుంచి తెచ్చుకుని ఏడాది కాలేదు. అత్తకి నెలలు నిండుతున్నాయి. అత్త కడుపులో ఉన్నది పైడే.

టికియాపారాలో తెలుగువాళ్ళుండే ఇళ్ళ లైన్లలో శ్రీరామనవమికి పందిరి వేసి రాముడి పెళ్ళి చేసేవాళ్ళు. ఆ పందిరి పెద్దరికం మా నాన్నది. ఆ యేడు వెదుళ్ళవాడు బయానా లేనిదే కదలనన్నాడు. లైన్లలో సగం మంది గేటు బయట కూర్చున్నవాళ్ళే, ఎవర్ని చందా అడుగుతాడు? పందిరి లేదని చెప్పడం ఆయన నోటికి రాలేదు. గోడకున్న గొట్టాలని ఒక కన్ను మూసి చూశాడు.

"బావా, సరుకు నాది కాదు," అన్నాడు మావయ్య.

"నేను తినీస్తానేటి? రాముడి పెళ్ళికి నిలబెట్టి మర్నాడు దించీడమే. మీ మాలిక్‌కి తెలీకండానే పున్నెం."

"మాలిక్ ఊళ్ళో లేడు. సోమారం ఒస్తాడు."

"మరింకేటి? సోమారానికి అద్దాల్లాగ రుద్ది నీ గోదాంలో పెడతాను."

మావయ్య అక్క మొహం చూశాడు. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని ఆయన ఒప్పుకోవడం కింద తీసుకున్నాడు.

పందిరి అంటే ముందు రాట. ఈశాన్యాన మొదట నిలబెట్టే ఆ ఒక్క స్తంభానికి ముత్తైదువులు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడి మండ కడతారు. వెదురుకైతే పురికొసతో కట్టేవాళ్ళు. గొట్టం మీద అది జారిపోతోందని అమ్మ మామిడి మండ కాడని పసుపు ముద్దలో ముంచి గొట్టం నోట్లో కూరేసింది. అందరూ బాగుందన్నారు. మిగతా గొట్టాల మీద టార్పాలిన్ పరిచి నాలుగు వైపులా బిగించి కట్టారు. తాటాకు పందిరి అయితే గాలి దూరిపోతుంది. టార్పాలిన్ తెరచాపలా పట్టేస్తుందని ఫిట్టరైన నాన్నకి తోచలేదు. చైత్రంలో ఈ ఊళ్ళో సాయంత్రం పూట కాలబైశాఖి గాలివాన వస్తుందని తెలిసినవాడే. తలంబ్రాలు అయ్యాయి, పానకం పంచుతున్నాం. ఆకాశం వంకాయ రంగుకి తిరిగింది. ఒక్క దెబ్బకి టార్పాలిన్ లేచి, గొట్టాలని పట్టుకుని వంచి, వీధి చివరిదాకా ఈడ్చుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సీతారాముల్ని అమ్మ కొంగులో పెట్టుకుని మా ఇంట్లోకి పరిగెత్తింది.

మర్నాడు కుళాయి దగ్గర మరిడమ్మ అనే పక్కింటామె అందరూ వినేలా అంది. "ఓలమ్మ, రాముడైతే ఒక్క విల్లే ఇరిసినాడు. మీ ఆయన పద్దెనిమిది విల్లులు సేసీనాడే!" బిందెల వరసంతా నవ్వింది. మా ఇంట్లో గొట్టాలు నేలమీద పడున్నాయి. ఆమె చెప్పినట్టు విల్లుల్లానే ఉన్నాయి. మావయ్య గడపలో కూర్చుని వాటినే చూస్తున్నాడు.

"మాలిక్ కేకలేస్తాడని కాదు బావా," అన్నాడు. "గోదాంలోంచి సరుకు పాడుసేసినోడంటే ఈ హౌరాలో ఇంకెవడూ తాళాలియ్యడు. మా ఇంటిదానికి ఈ నెల్లోనో వొచ్చే నెల్లోనో పురుడు. ఎక్కడికెల్తాను?"

నాన్న లేచాడు. ముందు మా దగ్గరున్న పాత తునక ఒకటి తీసుకుని చెక్కమీద పెట్టి సుత్తితో కొట్టి చూశాడు. పల్చటి గొట్టం, సొట్టపడింది. ఇసుక నింపి రెండు వైపులా గుడ్డలు కూరి మోకాలికి ఆనించి వంచాడు. ఒక చోట తిన్ననైతే పక్కన వొంకర లేచింది. అప్పుడు చెప్పాడు, యంత్రం చెయ్యాలని. తుక్కు సామాన్ల వీధికి వెళ్ళి ఐదు ఇనప కప్పీలు తెచ్చాడు, బావి గిలకల కంటే చిన్నవి, చుట్టూ గాడి ఉన్నవి. చెక్క కావాలి. ఇంట్లో గట్టి చెక్క అంటే అమ్మా నాన్నల మంచమే. దాని పట్టె ఊడదీస్తుంటే అమ్మ పరుపు తీసి గోడవారన పెట్టి, నిలబడి చూసింది. పట్టె మీద పైన మూడు కప్పీలు, కింద వాటి మధ్య సందుల్లోకి వచ్చేలా రెండు. బోల్టులన్నిటికీ పొడుగు బెజ్జాలు తొలిచాడు, కప్పీలు పైకీ కిందకీ జరపడానికి. గొట్టాన్ని ఆ రెండు వరసల మధ్య దూర్చి లాగితే, ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంగి, చివరికి తిన్నగా బయటికి రావాలి.

రాలేదు. శనివారం పొద్దున్న మావయ్య గొట్టం చివర గోనెగుడ్డ చుట్టి లాగాడు, నేనూ అమ్మా వెనక నుంచి తోశాం. కిందికి వొంగిన గొట్టం పైకి వొంగి వచ్చింది. నాన్న కప్పీలన్నిటినీ మరికాస్త బిగించాడు. ఈసారి పాము పాకినట్టు వచ్చింది. వదులు చేస్తే ఎలా వెళ్ళిందో అలాగే వచ్చింది. స్కూలు స్కేలుతో ప్రతి కప్పీ ఎత్తూ కొలిచి చెప్పే పని నాది. అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉన్నాయి. సమానంగా ఉన్నాయని నేను గర్వంగా చెబుతున్నకొద్దీ నాన్న మొహం నల్లబడింది. మధ్యాహ్నానికి రెంచి కింద పడేసి, చొక్కా అయినా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

అమ్మ నన్ను తోసింది. "ఎల్లు. ఎనకాలే ఎల్లు."

రైలు పట్టాల మీది నడక వంతెన మీద ఉన్నాడు. కమ్మీ పట్టుకుని కిందికి చూస్తున్నాడు. నేను పక్కన నిలబడితే తిరగలేదు. ఒక కన్ను మూసుకుని ఉన్నాడు.

"ఈ పట్టాలు సూడు గుంటా," అన్నాడు. "ఎంత తిన్నగా ఉన్నాయో."

కింద లోకల్ బండి వస్తోంది. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడేమో, ఇన్నేళ్ళకీ నేను తేల్చుకోలేను. అప్పుడు మాత్రం ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. ఏదో ఒకటి చెప్పి అక్కణ్ణించి లాక్కుపోవాలి. "నాన్నా, చీర లాగడానికి అమ్మ నిన్ను రమ్మంది. పండగ చీర. గంజి ఆరిపోతోంది," అన్నాను. అమ్మ రమ్మనలేదు. కానీ పండగ చీర బురద వదిలించి గంజి పెట్టి ఉన్న మాట నిజమే. ఆయన ఎప్పుడూ చీర లాగినవాడు కాదు. ఏమనుకున్నాడో, వచ్చాడు.

అమ్మ ఆయన్ని చూసి రెండు చెంగులు చేతిలో పెట్టింది. ఆయన బలమంతా పెట్టి లాగాడు.

"ఓలి నా తల్లో, అదేటా లాగుడు! సినిగిపోద్ది. మొదటిదే గట్టిగా. తరవాత రెండో మూల, కొంచెం తగ్గించి. మళ్ళీ ఇది, ఇంకా తగ్గించి. ఆఖర్ని ఊరికే అలా అనాలి."

"ఎందుకే తగ్గించడం?"

"ఒక్కలాగే లాగితే ఆఖర్ని లాగినోయిపే సాగిపోయి ఉండిపోద్ది. ఎంతసేపు లాగినా అటో ఇటో వొంకరే. నాకేటి తెలుసు, మా అమ్మ అలాగే లాగీది."

నాన్న చెంగులు వదల్లేదు. ఆ చీర పట్టుకునే కప్పీల వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చీర నా చేతిలో పెట్టి రెంచి వెతుక్కున్నాడు. మొదటి కప్పీ లోతుగా దించాడు. రెండోది కాస్త పైకి. చివరిది గొట్టానికి ఆనీ ఆననట్టు. నేను కొలిచి చెప్పిన అంకెల్లో ఈసారి ఏ రెండూ సమానంగా లేవు. మావయ్య లాగాడు. గొట్టం బయటికొచ్చింది. గచ్చు మీద పెట్టి తోస్తే అంతకుముందు టక్ టక్ మని గంతులేసేది, ఇప్పుడు ఒకే చప్పుడుతో సాగి గోడకి తగిలి ఆగింది. నాన్న వెళ్ళి దాన్ని తెచ్చి మళ్ళీ దొర్లించాడు.

ఆదివారం సాయంత్రానికి పదిహేడు అయ్యాయి. ఒక్కోదాన్ని పావు వంతు తిప్పుతూ నాలుగేసి సార్లు లాగాం. అరచేతులు బొబ్బలెక్కాయి. మిగిలింది రాట. దాన్ని అమ్మ ముట్టుకోనివ్వలేదు.

"పూజ సేసిన రాటని రుబ్బురోట్లో పెట్టినట్టు నలిపీడమేటి? అపసారం కాదా? అదలా ఉండనీయండి."

"సరుకు లెక్క పద్దెనిమిది అప్పా," అన్నాడు మావయ్య. మా వైపు అక్కని అప్ప అంటారు. "పదిహేడు అప్పజెప్తే ఒకటేదంటాడు. నాకు పుట్టబోయేది నీకు రాట కన్నా తక్కువేటి?"

అమ్మ ఏడ్చింది. ఆ మూడు రోజుల్లో ఆమె ఏడవడం అదే. ఏడ్చి, చింతపండుతో రాటని తోమి, పసుపూ బొట్లూ పోయేదాకా కడిగింది. "లాగడం మాత్రం నానే లాగుతాను. మరీ బిగించకండి," అంది. నాన్న మొదటి కప్పీ వదులు చేశాడు. అమ్మ నెమ్మదిగా, పసిబిడ్డకి జుబ్బా తొడిగినట్టు, ఒక్కసారి లాగి ఇంక చాలంది. గచ్చు మీద దొర్లిస్తే ప్రతి తిప్పుకీ ఒకసారి టిక్ మంది. చాలా చిన్న చప్పుడు. నాన్న ఒక కన్ను మూసి చూసి, పోనీలే అన్నాడు. మావయ్య అక్క మొహం చూసి, పదిహేడింటి మధ్యలో దాన్ని కలిపేశాడు.

సోమవారం ఠేలాబండి మీద వేసుకుని ఇద్దరూ తీసుకెళ్ళారు. మధ్యాహ్నం నాన్న ఖాళీ బండి తోసుకుంటూ వచ్చాడు. వెనక మావయ్య, భుజాన ఒక గొట్టంతో. జరిగింది నాన్న చెప్పాడు. మాలిక్ బాబు గొట్టాలన్నీ ఒక్కొక్కటే గచ్చు మీద దొర్లించాడు. బాగా రుద్దారన్నాడు. ఒకటి టిక్ మంది. దాన్ని ఎత్తి, వెలుతురుకి పెట్టి, గొట్టం నోట్లోంచి చూశాడు. లోపల పసుపు. ఎండిన మామిడి కాడ.

"తుప్పని సెప్పబోయినాను," అన్నాడు నాన్న. "ఈడు నోరిప్పీసినాడు. మొత్తం సెప్పీసినాడు, పందిరీ, గాలీ, కప్పీలూ అన్నీ."

"పసుపుని తుప్పని ఎలా సెప్తాను బావా?" అన్నాడు మావయ్య.

మాలిక్ కేకలెయ్యలేదట. గొట్టాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడట. ఠాకూర్ వస్తువు, దేవుడిది, దీన్ని నేను మంచానికి వెయ్యను, తీసుకుపో అన్నాడట. గోదాం తాళాలు ఇక్కడ పెట్టు అని కూడా అన్నాడట, అదే గొంతుతో.

మావయ్య చెప్పినట్టే అయింది. హౌరాలో ఎవరూ తాళాలివ్వలేదు. పది రోజులు తిరిగి, అత్తని తీసుకుని ఊరెళ్ళిపోయాడు. నిండు నెలలతో అత్త జనరల్ పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంది. గొట్టాన్ని స్టేషన్ దాకా మోసుకొచ్చాడు, ఊళ్ళో ఇంటికి వాసం కింద పనికొస్తుందని. పెట్టెలో పట్టలేదు. అడ్డంగా పెడితే జనం తిట్టారు. దింపి అమ్మ చేతికిచ్చాడు. "ఉంచుకో అప్పా. చీరలు ఆరేసుకో." బండి కదిలాక కూడా అమ్మ ఆ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయింది.

మావయ్య మళ్ళీ ఈ ఊరు రాలేదు. నా పెళ్ళికి కూడా రాలేదు. తమ్ముడికి కోపం ఉండిపోయిందని అమ్మ నమ్మింది. ఆ మాట పైకి ఎప్పుడూ అనలేదు. చీర ఆరేస్తూ దండెం మీద ఒక చోట చెయ్యి ఆపేది, అంతే. మంచం పట్టె మీది యంత్రంతో నాన్న చాలా ఏళ్ళు జనం తెచ్చిన గొట్టాలు సరిచేసి ఇల్లు నడిపాడు. ఫ్యాక్టరీ తెరవనే లేదు. దాని స్థలంలో ఇప్పుడు మా ఫ్లాటు లాంటివే ఫ్లాట్లు. గొట్టం వంగితే ఇప్పుడెవరూ తిన్నగా చేయించుకోరు, పారేసి కొత్తది కొంటారు. అందులో తప్పేమీ లేదు. నేనూ అంతే. నాన్న పోయాక చెక్కని చెద తినేసింది. కప్పీలు ఎటుపోయాయో, అన్నీ గుర్తుండే నాకు అది మాత్రం గుర్తులేదు. ఇల్లు మారినప్పుడు సామాన్లన్నీ బండి మీద వేసినా, అమ్మ ఈ గొట్టం మాత్రం కూలీకివ్వకుండా తన భుజాన మోసుకొచ్చింది. మెట్ల దగ్గర ఆయాసపడుతుంటే నేల మీద ఆనించమన్నాను. వినలేదు.

ఇంతవరకు విని పైడి లేచి, తనే గొట్టం దించి, వరండా గచ్చు మీద పెట్టి కాలితో తోసింది. అది దొర్లింది. టిక్ మంది. పైడి గట్టిగా నవ్వింది.

"ఇదే వదినా! మా అయ్య సెప్పీవోడు. అన్నీ మీ నాన్న సేసినవంట, ఇదొక్కటి మా అప్ప సెయ్యి, దొర్లిస్తే తెలిసిపోద్దీ అనీవోడు."

"ఆయనకి తెలుసా?"

"తెలకేటి? ఇన్నాడు కదా."

"మరి కోపం?"

"ఎవులి మీద?" అంది పైడి. నిజంగానే అర్థం కానట్టు నా మొహం చూసింది. "ఇటికిల బట్టీలో పనికెల్లినోడికి రైలెక్కే తీరికెప్పుడుంది? అప్పకి ఒకపాలి కనపడాలి, అప్పకి ఒకపాలి కనపడాలి అనీవోడు. అనుకుంటా ఉండగానే మీ అమ్మ పోయింది. మళ్ళీ తొయ్యి వదినా, ఇంకోపాలి ఇంటాను."

నేను వంగి తోశాను. టిక్ మంటూ గొట్టం గోడదాకా వెళ్ళింది. తమ్ముడి పని పోగొట్టిన ఆ చప్పుడు మళ్ళీ వినకూడదనే మా అమ్మ, బతికున్నన్నాళ్ళు, దాన్ని నేల తగలనివ్వలేదు.